లక్ష్మీకాంతం గుండ్లపేరు

ఆ బుధవారం పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. సముద్రం వైపు నల్లగా కిందికి దిగింది, ఊరి వైపు పల్చగా తెల్లబడింది. సన్నటి తుంపర పడటం, ఆగటం, మళ్ళీ పడటం. వాయుగుండం పక్కకి తప్పుకుందని రేడియోలో చెప్పారు గానీ, గాలికి ఆ కబురు అందినట్టు లేదు.

బందరు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేసే కొట్టు మీద మేడగది. గది బయట చిన్న రేకు బోర్డు: రాజమ్మ, ప్రైవేటు పరిశోధన. రాజమ్మ ఇరవై నాలుగేళ్ళు పోలీసుద్యోగం చేసి, హెడ్ కానిస్టేబులుగా ఉండగానే మానుకుని వచ్చేసింది. ఎందుకు మానిందో ఆమె చెప్పలేదు, అంకమ్మరావు అడగలేదు. అతను ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు కండక్టరు. రిటైరయ్యాక నాలుగేళ్ళ నుంచి ఆమె దగ్గర సహాయకుడు. కృష్ణకీ గోదారికీ మధ్య అంతటి బుర్ర ఇంకోటి లేదని అతని నమ్మకం. ఆ మాట ఆమె ముందు ఎప్పుడూ అనలేదు. అంటే ఆమె కళ్ళజోడు మీదుగా చూస్తుంది, ఆ చూపు అతనికి పడదు.

మెట్ల మీద తడి కాళ్ళ చప్పుడైంది. పాతికేళ్ళ ఆడమనిషి. ఒక చెప్పు తెగి చేతిలో ఉంది. జాకెట్టు చేతి మీద ఎండిన రక్తం.

"రాజమ్మగారంటే మీరేనాండీ?"

"నేనే. కూర్చో అమ్మా. ముందు మంచినీళ్ళు తాగు."

ఆమె తాగలేదు. "మా అత్తని చంపేశారండీ. మా ఆయన్ని చంపబోతున్నారు."

"ఎవరు?"

"అత్తని ఎవరు చంపారో తెలీదండీ. ఆయన్ని చంపేది మాత్రం మా అత్త తమ్ముడు నాంచారయ్య. ఆయనకి సొంత మేనమామ."

ఆమె పేరు సుమతి. కోడూరు దాటాక సముద్రం ఒడ్డున ఉప్పుమెట్టపాలెం, వేటకెళ్ళేవాళ్ళ ఊరు. అత్త లక్ష్మీకాంతం పడవల దగ్గర చేపలు కొని అవనిగడ్డ బజారులో అమ్మేది. సోమవారం పొద్దున్నే తన బంగారు గుండ్లపేరు రొంటిన దోపుకుని మొదటి బస్సెక్కింది. సాయంత్రం ఆఖరి బస్సు దిగి రొయ్యల చెరువుల గట్టు మీద నడిచి రావాలి. రాలేదు. చీకటి పడేవేళ కొడుకు రాము వెతుక్కుంటూ వెళ్తే గట్టు పక్కన బురదలో ఉంది. తల వెనకభాగం చితికిపోయింది. రెండు చెవులూ చీలి వేలాడుతున్నాయి. కమ్మలు లేవు.

"మా ఆయన ఎత్తుకుని తెచ్చాడండీ. ఒంటి నిండా రక్తం. ఆదివారం నాడు ఇద్దరికీ పెద్ద గొడవైంది. పడవ ఇంజనుకి గుండ్లపేరు అమ్మమన్నాడు. ఎవడు ఎంతిస్తాడో తెలుసుకోకుండా అమ్మనంది. చంపేస్తానే ముసలిదానా అన్నాడు, పాలెం అంతా విన్నారు. నాంచారయ్య మావయ్య తెడ్డు తీసుకుని కొట్టాడు. కుడిచెయ్యి విరిగింది. అడ్డం వెళ్తే నాకూ తగిలింది. పోలీసులొచ్చి లాక్కెళ్ళారు కాబట్టి బతికున్నాడు. ఎల్లుండి కోర్టుకి పంపిస్తారట. జైలుకెళ్తే జైలు. వదిలేస్తే గట్టు మీదే నరుకుతానని మావయ్య కత్తి నూరించాడు."

చెప్పి, చెవులకున్న దుద్దులు తీసి బల్ల మీద పెట్టింది. రాజమ్మ వాటిని ముట్టుకోలేదు.

"ఇవి కింద కొట్లో చేసినవే."

సుమతి తల దించుకుంది. "అవునండీ. అసలువీ, మా పుట్టింటి గుండ్లపేరూ పోయినేడు వలలకని అవనిగడ్డలో కోటిలింగంగారికి అమ్మేశాం. గుండ్లు బోలు కదండీ, లోపల నింపిన లక్క బాగా ఉందన్నాడు. ఎంతో వస్తుందనుకుంటే అందులో లక్క పోయింది, తరుగు పోయింది."

"ఎవరు తీశారు లక్క?"

"తియ్యలేదండీ. చేత్తో పట్టుకుని చెప్పేస్తాడు."

రాజమ్మ లేచి గొడుగు అందుకుంది. "కండక్టరుగారూ, చల్లపల్లి మీదుగా వెళ్ళే బస్సు ఎన్నింటికి?"

"తొమ్మిదీ నలభై. మనోడే డ్యూటీ," అన్నాడు అంకమ్మరావు.

*

అవనిగడ్డ బస్టాండులో అతనికి పని పడింది. పాలెం బస్సు కండక్టరు టీ కొట్టు దగ్గర దొరికాడు.

"సోమవారం లక్ష్మీకాంతం నీ బస్సులోనే కదరా వచ్చింది?"

"నా బస్సులోనే గురువుగారూ. ఏడూ ముప్పావుకి ఇక్కడ దింపా. గంపా లేదు, చేపలూ లేవు. చీర మటుకు కొత్తది. ఏంటక్కా పెళ్ళి చూపులా అంటే, నోరు ముయ్యరా అంది."

"తిరుగు టపాలో?"

"ఆఖరి బస్సుకెక్కింది. ముందు సీట్లో కూర్చుని తనలో తనే నవ్వుకుంటోంది. రేపు పాలెం ఆడాళ్ళందరికీ టిక్కెట్లు కొడుదువుగాని, చిల్లర దగ్గర పెట్టుకో అంది. ఎక్కడికక్కా తిరణాలకా అన్నా. తిరణాలే, కోటిలింగం కొట్లో అంది." అతను టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. "దిగినప్పుడు కూడా నవ్వుతూనే దిగింది గురువుగారూ."

అంకమ్మరావు పుస్తకంలో రాసుకున్నాడు.

స్టేషన్లో ఎస్సై కుర్రవాడే గాని మర్యాద తెలిసినవాడు. "మీరు మా డిపార్టుమెంటు మనిషి. చూడండి. కానీ నాకు కేసులో సందేహం లేదండీ," అన్నాడు.

రాము గోడకి ఆనుకుని ఉన్నాడు. ఎడమకన్ను మూసుకుపోయింది. కుడిచెయ్యికి రెండు బద్దలు పెట్టి గుడ్డ చుట్టారు. వేళ్ళు ఉబ్బి నల్లబడ్డాయి.

"చంపేస్తా అన్నావా?"

"అన్నానండీ."

"ఎందుకన్నావు?"

"కోపమొచ్చి అన్నా. అంతకుముందు నాలుగుసార్లు అన్నా. ఆవిడ నన్ను నలభైసార్లు అంది."

"మీ అమ్మ దగ్గర డబ్బేమైనా కనబడిందా?"

"రక్తమే కనబడిందండీ. తల ఎత్తబోతే నా చేతుల్లోకి వచ్చేసింది." విరిగిన చేతి కేసి చూసుకున్నాడు. "మావయ్య ఏమైనా తిన్నాడా అండీ? రెండ్రోజులుగా మెతుకు ముట్టలేదని కానిస్టేబులు చెప్పాడు."

బయటికొచ్చాక అంకమ్మరావు గొంతు సవరించుకున్నాడు. "వీడు కాదండీ."

"జాలిపడి చెప్తున్నారు. నాకు రుజువు కావాలి," అంది రాజమ్మ.

*

కోటిలింగం కొట్టు బజారు మధ్యన. అద్దాల బీరువా, కింద తెల్లటి పరుపు. మనిషి యాభై ఏళ్ళవాడు, మెత్తటి చేతులు. కంసాలిపని రాదు, కొనుబడీ అమ్ముబడీ మాత్రమే. వారానికోసారి తక్కెడా, రసీదుపుస్తకం, స్టాంపుప్యాడు స్కూటరు డిక్కీలో పెట్టుకుని పాలేల వెంట తిరిగి పాతబంగారం కొంటాడు.

"రండి తల్లీ, కూర్చోండి. ఎంత ఘోరం. సాయంత్రం ఇక్కడే, మీరు కూర్చున్న చోటే కూర్చుంది. గుండ్లపేరు అమ్మింది, డబ్బు కట్ట రొంటిన దోపుకుంది. ఒంటరిగా వెళ్ళకమ్మా అని చెప్పా. కడుపున పుట్టినవాడే కాచుకుని ఉంటాడని ఎవరనుకుంటారు?"

"గుండ్లపేరు కరిగించేశారా?"

"లేదు తల్లీ. కబురు తెలిసీ తెలియగానే నేనే స్టేషనుకెళ్ళి చెప్పొచ్చా. ఎస్సైగారు అడిగినప్పుడు చూపించమన్నారు. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది. దారం కూడా మార్చలేదు."

ఇనప్పెట్టె తెరిచి తీశాడు. రేగుపండంత గుండ్లు, పాతబంగారం ఎర్రటి ఛాయ. రాజమ్మ అరచేతిలో కాసేపు ఉంచుకుంది.

"ఒకసారి తూకం వేస్తారా?"

వేశాడు. యాభై ఆరు గ్రాములు. రసీదు కూడా చూపించాడు. మొత్తం బరువు 56. లక్క కింద 14. నికరం 42. అడుగున ఊదారంగు వేలిముద్ర, మాంచి స్పష్టంగా పడింది.

"లక్క దించకుండానే పద్నాలుగని ఎలా తెలిసింది?"

కోటిలింగం నవ్వాడు. "ముప్పై ఏళ్ళ చెయ్యి తల్లీ. ఈ పాలెం గుండ్లన్నీ ఒకటే పని. నాలుగో వంతు లక్క. ఒక్క గ్రాము ఎక్కువ పట్టుకోను."

"ఆవిడేమీ గొడవ పెట్టలేదా?"

"నామీద నమ్మకం తల్లీ వాళ్ళకి."

బయట తుంపర మళ్ళీ మొదలైంది. అంకమ్మరావు గొడుగు విప్పాడు. "మొదటి బస్సు ఏడూ ముప్పావుకొచ్చింది. ఈయన కొట్టు పదింటికి తెరుస్తాడు. పైగా ఆవిడ సాయంత్రం వచ్చిందంటున్నాడు. పొద్దంతా ఎక్కడుంది?"

రాజమ్మ ఆగి అతని కేసి చూసింది. ఈసారి కళ్ళజోడు మీదుగా కాదు. "అదే నేనూ అనుకుంటున్నా. కొత్త చీర కట్టుకుని గుండ్లపేరు పట్టుకెళ్ళిన మనిషి ముందు ఎవరి దగ్గరికి వెళ్తుంది?"

బజారు వెనకసందులో ఒక్కడే కంసాలి. బ్రహ్మయ్యాచారి. వంగిపోయిన ముసలాయన. లక్ష్మీకాంతం పేరెత్తగానే చేతిలో పట్టకారు కింద పడింది.

"నాకేమీ తెలీదమ్మా. కోటిలింగంగారి పని చేసుకుని బతికేవాణ్ణి."

"ఆయన పాతబంగారం మీరే కరిగిస్తారా?"

"నేనే."

"అయితే గుండ్లలో ఎంత లక్క ఉంటుందో మీకు తెలుసు."

ముసలాయన కింద పడ్డ పట్టకారు తీసి కుంపటి పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు: "సోమవారం పొద్దున వచ్చిందమ్మా. అదిగో ఆ పీట మీద కూర్చుంది. నా బంగారం ఎంతో నా కళ్ళముందు తేల్చమంది. లక్క దించమంది. దించాను. ఒక్కో గుండూ సెగ మీద పెట్టి, కరిగి కారేదాకా రెప్ప వెయ్యకుండా చూసింది. మళ్ళీ అదే దారానికి గుచ్చించుకుంది. అప్పుడడిగింది, మా పాలెం గుండ్లన్నీ ఇంతేనా అని. అబద్ధం చెప్పలేకపోయాను."

"తూకాలు గుర్తున్నాయా?"

ముసలాయన చీటీ మీద రెండు అంకెలు రాసిచ్చాడు. రాజమ్మ చూసి సంచిలో వేసుకుంది. అంకమ్మరావుకి చూపించలేదు. అతను అడగలేదు.

*

పాలెం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గట్టు మీద నలుగురు మగవాళ్ళు అడ్డం నిలబడ్డారు. ముందున్నవాడు ఎత్తుగా, నల్లగా, గెడ్డంతో ఉన్నాడు. చేతిలో చేపల కత్తి.

"వాణ్ణి విడిపించడానికొచ్చింది మీరేనా?"

"నిజం తెలుసుకోవడానికొచ్చాం," అన్నాడు అంకమ్మరావు.

నాంచారయ్య చెంపదెబ్బకి అతని కళ్ళజోడు చెరువులో పడింది. రెండో దెబ్బకి మోకాళ్ళ మీద పడ్డాడు. కాలరు పట్టుకుని పైకెత్తి కత్తి గొంతుకి ఆనించాడు. "మా అక్క చెవులు చీల్చిన నా కొడుక్కి నువ్వు సాక్షివా?"

రాజమ్మ పరుగెత్తలేదు. నడిచి వచ్చి కత్తి పట్టుకున్న మణికట్టు మీద చెయ్యి వేసింది.

"నాంచారయ్యా, రేపు పదింటికి తుఫాను షెల్టరు దగ్గరికి రా. ఎస్సై కూడా వస్తాడు. మీ మేనల్లుడే చంపాడని తేలితే నేను ఒక్క మాట మాట్లాడను. కాదని తేలితే?"

నాంచారయ్య కత్తి కిందికి దించాడు. "కాదని తేలితే ఈ కత్తి నాకే."

"అది వద్దు. రా, చాలు."

సుమతి ఇంట్లో రాజమ్మ ఒకే సంగతి అడిగింది. "మీ అత్తని కడిగింది ఎవరు?"

"నేనూ, పిన్నత్తా. ఆస్పత్రినుంచి తెచ్చాక మంగళవారం సాయంత్రం."

"చేతులు ఎలా ఉన్నాయి?"

సుమతి ఆలోచించింది. "ఎడమచేతి బొటనవేలు నేరేడుపండు తిన్నట్టు ఊదాగా ఉందండీ. సిరా దట్టంగా పట్టేసింది. కుంకుడుకాయ పెట్టి రుద్దినా పోలేదు. మిగతా వేళ్ళకి మరకే లేదు. ఎందుకండీ?"

"చీరకి మరకేమైనా ఉందా? సిరా మరక?"

"రక్తమేనండీ. సిరా లేదు."

తిరిగి వస్తున్నప్పుడు అంకమ్మరావు వాచిన దవడ పట్టుకుని అన్నాడు: "వేలిముద్ర వేసినట్టు రసీదు మీదే ఉందిగదండీ. వేలికి సిరా ఉండటంలో వింతేముంది?"

"రేపు వేలిముద్రలు మీరే వేయించాలి. వేశాక ఎవరేం చేస్తారో చూడండి. చెప్పకండి, చూడండి."

*

గురువారం పదింటికి తుఫాను షెల్టరు కింద పాలెం అంతా ఉంది. ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ళు, బద్దల చేతితో రాము. నాంచారయ్య స్తంభానికి ఆనుకుని, తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. బ్రహ్మయ్యాచారి కుంపటితో సహా వచ్చాడు. కోటిలింగం స్కూటరు మీద వచ్చి, సాక్ష్యానికని గుండ్లపేరూ, తూకం సంచీ తెచ్చాడు. కుర్చీ తుడిచి కూర్చున్నాడు.

ముందు వాఙ్మూలాలు రాశారు. సంతకం రానివాళ్ళు నలుగురు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక ముసలాయన, నాంచారయ్య. అంకమ్మరావు ప్యాడు పట్టుకుని ఒక్కొక్కరి వేలూ అద్ది కాగితం మీద వేయించాడు. నలుగుర్నీ చూశాడు. నాలుగోవాడు నాంచారయ్య కూడా మిగతా ముగ్గురు చేసిన పనే చేశాడు. కళ్ళెత్తి రాజమ్మ వైపు చూశాడు. ఆమె చిన్నగా తల ఊపింది.

"కోటిలింగంగారికి గుండ్లపేరు అమ్మినవాళ్ళు చేతులెత్తండి," అంది రాజమ్మ.

పంతొమ్మిది చేతులు లేచాయి.

"లక్క కింద ఎంత తీశారు?"

"నాలుగో వంతు," అని పది గొంతులు అన్నాయి.

"ఆచారిగారూ, ఈ పాలెం గుండ్లలో నిజంగా ఎంత లక్క ఉంటుంది?"

ముసలాయన కోటిలింగం వైపు చూడకుండా చెప్పాడు. "తొమ్మిదో వంతు. అంతకన్నా ఎక్కువ నేనెప్పుడూ చూడలేదు."

జనం కదిలారు. కోటిలింగం లేచాడు. "ఎస్సైగారూ, హత్య కేసుకని పిలిచి నా వ్యాపారం గురించి..."

"వస్తున్నా," అంది రాజమ్మ. "లక్ష్మీకాంతం కొడుకుతో గొడవపడింది బంగారం మీద ఆశతో కాదు. దాని విలువ తెలుసుకోకుండా అమ్మనంది. సోమవారం పొద్దున ఆచారిగారి ఎదుట కూర్చుని తెలుసుకుంది. సాయంత్రం మీ కొట్టుకొచ్చి, రేపు ఆడాళ్ళందర్నీ తీసుకొస్తానని చెప్పి బస్సెక్కింది. నవ్వుకుంటూ ఎక్కింది. గుండ్లపేరు ఆవిడ రొంటినే ఉంది."

"అమ్మింది. రసీదుంది."

"రసీదు చదువుతా. మొత్తం యాభై ఆరు, లక్క పద్నాలుగు, నికరం నలభై రెండు. ఆచారిగారూ, ఆ గుండ్లపేరులోంచి ఏదైనా ఒక గుండు తీసి సెగ మీద పెట్టండి."

ఎస్సై అందించాడు. ముసలాయన దారం విప్పి, ఒక గుండు పట్టకారుతో పట్టుకుని కుంపటి మీద ఉంచి గొట్టంతో ఊదాడు. గుండు ఎర్రబడింది. అందరూ మెడలు చాచారు. పొగ రాలేదు, వాసన రాలేదు, ఒక్క బొట్టు కారలేదు.

"లక్క లేదు," అన్నాడు ఎస్సై.

"లేదు. సోమవారం పొద్దున దించేశారు." రాజమ్మ సంచిలోంచి చీటీ తీసింది. "దించకముందు అరవై మూడు, దించాక యాభై ఆరు. ఇక్కడున్నదంతా బంగారమే. కోటిలింగంగారికి కంసాలిపని రాదు. ఖాళీ గుండుకీ నిండు గుండుకీ తేడా ఆయన చేతికి తెలీదు. ఎప్పుడూ రాసినట్టే నాలుగో వంతు రాసుకున్నాడు. నేను అడిగేది ఒక్కటే. పొద్దున రెప్ప వెయ్యకుండా లక్క దింపించుకున్న ఆడమనిషి, సాయంత్రం ఖాళీ గుండ్లకి పద్నాలుగు గ్రాములు కొట్టేస్తుంటే ఊరుకుని వేలిముద్ర వేసిందా?"

కోటిలింగం పెదాలు తడుపుకున్నాడు. "చదువు రాదుగా తల్లీ. కాగితంలో ఏముందో ఆవిడకేం తెలుసు? పొరపాటు నాదే, మిగతా డబ్బు కట్టిస్తా."

"సరే. ఇప్పుడే నలుగురు వేలిముద్రలు వేశారు. నాంచారయ్యా, నీ వేలు చూపించు."

నాంచారయ్య బొటనవేలు చాచాడు. దాని మీద పల్చటి మరక తప్ప సిరా లేదు.

"కండక్టరుగారూ, సిరా ఏమైంది?"

"తలకి రాసుకున్నాడండీ. ముద్ర వెయ్యగానే చెయ్యి దానంతటదే జుట్టులోకెళ్ళింది. నలుగురిదీ అంతే. ఎవరూ చెప్పలేదు."

"చిన్నప్పట్నుంచీ ముద్ర వేసే ప్రతివాళ్ళూ చేసే పని అది. తలకో, చీర చెంగుకో, గోడకో తుడుస్తారు. లక్ష్మీకాంతం చీరకి సిరా లేదు. వేలికి మాత్రం ప్యాడు మీద అద్దినంత దట్టంగా అలాగే ఉంది. సాయంత్రం కొట్లో ముద్ర వేసి, బస్సెక్కి, టిక్కెట్టు తీసుకుని, గంటసేపు ప్రయాణం చేసి, గట్టు మీద నడిచిన మనిషి వేలు అలా ఉండదు. తుడుచుకోలేని మనిషి వేలది. ప్రాణం పోయాక పట్టుకుని అద్దిన వేలు. ఆ సమయంలో ప్యాడూ రసీదుపుస్తకమూ దగ్గరున్నవాడు ఒక్కడే."

ఆమె కోటిలింగం వైపు తిరిగి అంది, గొంతు పెంచకుండా:

"చచ్చిపోయినావిడ దగ్గర కూడా తరుగు తీశావయ్యా. పూర్తి బరువు రాసుంటే నేను నిన్ను పట్టుకోలేకపోయేదాన్నేమో."

కోటిలింగం చెయ్యి సంచీలోకి వెళ్ళింది. బంగారం పరీక్షకి వాడే యాసిడ్ సీసా. మూత తీసి రాజమ్మ మొహం మీదికి విసిరాడు. అంకమ్మరావు మధ్యలోకి వచ్చాడు. ఎలా వచ్చాడో తర్వాత అతనికే తెలియలేదు. మోచేతి నుంచి మణికట్టు దాకా చొక్కా చిల్లులు పడి చర్మం సుయ్యిమంది. కోటిలింగం కుర్చీ తన్నేసి స్కూటరు వైపు పరుగెత్తాడు.

నాంచారయ్య తెడ్డు ఒక్కసారే తిరిగింది. మోకాలి ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. రెండోది భుజం మీద. మూడోసారి తలకి ఎత్తాడు.

"మావయ్యా," అన్నాడు రాము. ఎస్సైని తోసుకుని వచ్చి, ఎడమచేత్తో తెడ్డు కర్ర పట్టుకున్నాడు. "వద్దు. పొరపాటున ఒకసారి కొట్టావు. ఇది తెలిసి కొట్టకు."

నాంచారయ్య మేనల్లుడి మొహం కేసి చూశాడు. మూసుకుపోయిన కన్ను కేసి చూశాడు. తెడ్డు వదిలేశాడు.

నేల మీద పడ్డ కోటిలింగం మూలుగుతూ అన్నీ ఒప్పుకున్నాడు. బస్సు కన్నా ముందే స్కూటరు మీద వచ్చి గట్టు దగ్గర కాచుకున్నాడు. నీది నీకు పూర్తిగా ఇచ్చేస్తా, మిగతావాళ్ళకి చెప్పకు అని బతిమాలాడు. అందరికీ ఇయ్యి అని నవ్వింది. వెనక్కి తిరగ్గానే స్కూటరు పానాతో కొట్టాడు. పడిపోయాక కూడా కొట్టాడు. దొంగల పని అనుకోవాలని చెవులు లాగేశాడు. రసీదు ఆలోచన ఆ తర్వాత వచ్చింది.

ఎస్సై డిక్కీ తెరిపించాడు. పాతగుడ్డలో పానా. దాని కింద చిన్న పొట్లంలో రెండు కమ్మలు, ఇంకా వాటి కాడలకి ఎండిన చర్మం.

"ఇవి పారేయలేకపోయావా?" అన్నాడు ఎస్సై.

జవాబు పక్కనున్న ఒక ముసలామె చెప్పింది. "బంగారం కదా నాయనా. ఆడికి చెయ్యెలా వస్తుంది?"

*

కాగితాలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం రెండైంది. అంకమ్మరావు చేతికి సుమతి నీళ్ళు పోసి పోసి, గుడ్డ చుట్టింది. మైల ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి పక్కిళ్ళవాళ్ళు అన్నం, పప్పు, చింతపండు చారు తెచ్చి పెట్టారు. చేప లేదు.

చాప మీద వరసగా కూర్చున్నారు. రాజమ్మ, అంకమ్మరావు, రాము, సుమతి. నాంచారయ్య గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు, వెళ్ళమని కూడా అనలేదు. కాసేపటికి సుమతి ఇంకో ఆకు వేసింది, రాము పక్కన.

అతను వచ్చి కూర్చున్నాడు. తన ఆకు ముట్టుకోలేదు. రాము ఎడమచేత్తో అన్నం కలపబోతే మెతుకులు జారి చాప మీద పడ్డాయి. రెండోసారీ పడ్డాయి. నాంచారయ్య చెయ్యి చాచి ఆ అన్నంలో పప్పు వేసి కలిపాడు. పెద్ద పెద్ద ముద్దలు చేసి ఆకు అంచున ఒక్కొక్కటే పెట్టాడు. ఆరు ముద్దలు.

రాము ఒకటి తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. రెండోది తీసి, మావయ్య ఆకులో పెట్టాడు.

నాంచారయ్య తిన్నాడు. అందరూ తిన్నారు.